పుండేనని చెప్పాం

మా నాన్న తొలోముష్‌కు కడుపులో క్యాన్సర్ అని ఆయనకు తప్ప మా ఊరు కోచ్కోర్‌లో అందరికీ తెలుసు. మాలో రోగి ముందు ఆ పేరెత్తరు. ఎత్తితే మనిషి ఆ పూటే కుంగిపోతాడని భయం. అందుకే ఆరు నెలలుగా "పుండు నాన్నా, మానిపోతుంది" అంటూ వచ్చాం. పక్కింటివాళ్లకూ, ముల్లాకూ కూడా అదే నేర్పాం. అందరికంటే బాగా అబద్ధమాడింది కూతుర్నైన నేనే.

మామూలు మందులు పనిచేయడం మానేశాయి. రాజధాని బిష్కెక్‌లోని ఆసుపత్రిలో కొత్త మందు పరీక్షిస్తున్నారని, ఇంకొక్కరికే చోటుందని తెలిసి నాన్నను కారులో తీసుకొచ్చాను. ఆ సాయంత్రం నాలుగింటితో పేర్లు రాసుకోవడం అయిపోతుంది. నాకు మిగిలిన దారి అదొక్కటే.

"సంతకం నేను పెడతానక్కా. ఆయనకి కళ్లు సరిగా కనపడవు," అన్నాను డాక్టరు సాబిరాతో.

"కనపడకపోతే నేను చదివి వినిపిస్తా. ఒళ్లు ఆయనది, సంతకమూ ఆయనదే."

"ఆ మాట వింటే గుండాగి పోతాడు!"

"చూడు ఐచురెక్, ఈ మందు పనిచేస్తుందో లేదో మాకే తెలీదు. అది తెలుసుకోడానికే ఆయన ఒంటిని అడుగుతున్నాం. ఎందుకో చెప్పకుండా ఎట్లా తీసుకోమంటావ్?"

నాకు ఒళ్లు మండిపోయింది. నీతులు చెప్పడానికి ఈవిడకు మా నాన్నే దొరికాడా! కాగితాలు లాక్కుని నాన్న కూచున్న వరండాలోకి పోయాను. "పుండుకి కొత్త మందు నాన్నా, ఇక్కడ సంతకం పెట్టు" అన్నాను. ఆయన టోపీ మోకాలి మీద పెట్టుకుని, కాగితం తిప్పనైనా తిప్పకుండా పెట్టేశాడు. నా మీద అంత నమ్మకం.

సాబిరా ఆ సంతకం చూసి ఊరుకోలేదు. నాన్నను ఎదురుగా కూచోబెట్టుకుంది.

"పెద్దాయనా, మీ జబ్బేంటో మీ మాటల్లో చెప్పండి."

"పుండమ్మా. మా అమ్మాయి చెప్పింది."

"అయితే ఈ సంతకం చెల్లదు," అంటూ ఆవిడ కాగితాలు పక్కన పెట్టేసింది. అప్పటికే మూడుంబావు. "ఉన్నదున్నట్టు తెలుసుకోవాలని ఉందా మీకు?" అని అడిగింది.

నాన్న నా వంక చూశాడు. "ఉంది," అన్నాడు.

పరాయి నోటి నుంచి వినడం కంటే నయమని నేనే చెప్పాను. "క్యాన్సర్ నాన్నా. మార్చి నుంచీ."

ఆయన పడిపోలేదు, ఏడవలేదు. కాసేపు టోపీ అంచు నలుపుకుని, సాబిరాను అడగడం మొదలుపెట్టాడు. ఎన్నాళ్లుంటాను? కొత్త మందు నాకు పడకపోతే? వారం వారం ఇక్కడికే రావాలా? ఆవిడ ఏదీ దాచలేదు. తెలియనిదానికి తెలీదనే చెప్పింది. ఆరు నెలల్లో ఆయన అడిగినదానికి సూటిగా జవాబిచ్చిన మనిషి ఆవిడొక్కతే.

తర్వాత నా వైపు తిరిగాడు.

"వేసవిలో గుర్రాల్ని మేతకు తోలుకుని కొండెక్కుతానంటే, పుండు మాననీ, వచ్చే ఏడు పోదువుగాని అన్నావు కదే."

"అన్నాను."

"వచ్చే ఏడు లేదని నీకు తెలుసు."

"తెలుసు నాన్నా."

"డెబ్బై ఏళ్లలో నేను కొండెక్కని వేసవి అదొక్కటే. ఆఖరిదాన్ని నా చేతుల్లోంచి లాగేశారు. ఇప్పుడు పైనంతా మంచు." కాగితాలు వెనక్కి నెట్టాడు. "నాకొద్దమ్మా."

ఆయన మోకాళ్లు పట్టుకున్నాను. "కోపముంటే నన్ను కొట్టు నాన్నా! సంతకం మాత్రం మళ్లీ పెట్టు!"

"కోపం కాదే పిచ్చిదానా. వారం వారం ఈ కుర్చీలో కూచోలేను. మిగిలినన్నాళ్లూ గుర్రాల కొట్టం దగ్గరుంటా."

"అక్కా, మీరైనా చెప్పండి! బలవంతం చెయ్యండి!"

సాబిరా కళ్లు తడయ్యాయి గానీ గొంతు మారలేదు. "చెప్పాల్సిందంతా చెప్పాను. వద్దనే హక్కూ ఆయనదే."

ఆ హక్కు మీద మన్నుపడ! గోడ గడియారం నాలుగు దాటేదాకా నేను నేల మీదే కూచున్నాను.

కారు దగ్గర నాన్న ఆగి, ఆయాసపడుతూ నా భుజం పట్టుకున్నాడు.

"ఇకనుంచి నాకు అబద్ధం చెప్పొద్దు తల్లీ. చెప్పు, చూట్టానికి ఎట్లా ఉన్నాను?"

ముఖం మట్టిరంగుకు తిరిగింది. చొక్కా మెడ దగ్గర వదులై వేలాడుతోంది.

"బాగున్నావు నాన్నా," అన్నాను.

నా నోరు పడిపోను! ఆయన నా భుజం మీంచి చెయ్యి తీసేసి, తలుపు తనే తెరుచుకుని ఎక్కి కూచున్నాడు.