విప్పొద్దంది లోయిస్

బండిలో ఉంటే చాలని మా ఆయన రోలండ్, ఒంటిమీదే ఉండాలని నేను. థాంక్స్‌గివింగ్ పండక్కి వండిన టర్కీ కోడిలో మిగిలిన మాంసాన్ని ఎముకల నుంచి ఊడదీస్తూ పొద్దుటి నుంచీ ఇదే మాట. మర్నాడు జింకల వేట మొదలు. మా మామగారూ రోలండూ ఆ సాయంత్రమే కొండమీది క్యాంపుకి వెళ్లిపోతారు.

గొడవంతా రక్తం ఆపే పట్టీ గురించి. శరదృతువులో మా ఊరి ఫైర్ స్టేషన్‌లో తుపాకీలున్న ఇళ్లవాళ్లకి ప్రథమ చికిత్స నేర్పితే నేనొక్కదాన్నే వెళ్లాను. ఇంటిల్లిపాదికీ తలో పట్టీ కొన్నాను. మా మామగారు హార్లన్ తనదాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, కట్టు వెంటబెట్టుకుని అడవికి వెళ్లేవాడు దెబ్బని పిలుచుకున్నట్టేనని నవ్వేశారు. బండి అద్దానికి తగిలించి మరిచిపోయారు.

"బండి కొండ కింద రోడ్డు మీద ఉంటుంది. నువ్వు కొండమీద ఉంటావు. రక్తం నీ కోసం ఆగుతుందా?" అన్నాను.

రోలండ్ చేతిలోని ఎముక కింద పెట్టాడు. నా నోరు మూయించడానికే కుర్చీలో కూర్చుని, ఒంటి చేత్తో పట్టీని తొడ పైభాగానికి ఎక్కించి, దాని పుల్ల తిప్పి బిగించాడు. నొప్పికి ముఖం వంకర పెట్టి, ఇంక చాలా అని అడిగాడు. చాలదన్నాను. నిజంగా దెబ్బ తగిలినప్పుడు ఇంతకంటే నొప్పి పుడుతుందనీ, రక్తం ఆగేదాకా బిగించాలనీ, ఎంత ఏడ్చినా డాక్టరు దగ్గరికి చేరేదాకా విప్పకూడదనీ చెప్పాను. పెళ్లిలో కూడా తనతో ఇన్ని ప్రమాణాలు చేయించలేదని గొణుగుతూ పట్టీని బెల్టుకి తగిలించుకున్నాడు.

చెట్టుమీది మంచె ఎక్కేవాడు తుపాకీని ఖాళీ చేసి కింద పెట్టి, పైకెక్కాక తాడుతో లాక్కోవాలి. మా ఇంట్లో పిల్లలకి చదువుకంటే ముందు చెప్పే మాట ఇది. చెప్పేది మా మామగారే. మర్నాటి తెల్లవారుజామున లోయలో ఆకుల చప్పుడు వినబడిందట. పైకెక్కి తూటా ఎక్కించే లోపు జింక దాటిపోతుందేమోనని, తూటా ఉన్న తుపాకీనే ఆయన తాడుకి కట్టారు. గొట్టం తనవైపే ఉంది. లాగుతుంటే మీట ఏదో కొమ్మకి తగిలి తుపాకీ పేలింది.

పక్క గట్టున ఉన్న రోలండ్ మొదట తండ్రికి జింక దొరికిందనే అనుకున్నాడు. తరవాత కేక వినబడింది. వెళ్లేసరికి ఆయన మంచె కింద పడి ఉన్నారు. తొడ నుంచి కారిన రక్తం మంచు మీద ఆవిరులు కక్కుతోంది. ఏం చెయ్యాలో తనకి తట్టలేదనీ, చేతులే తెలిసినట్టు పట్టీ తీశాయనీ రోలండ్ ఆస్పత్రిలో నాకు చెప్పాడు. దెబ్బకి పైన ఎక్కించి పుల్ల తిప్పాడు. ఆయన గడ్డి పీకుతూ బతిమాలారు.

"విప్పరా, కాలు తెగిపోతోంది."

"విప్పొద్దంది లోయిస్, నాన్నా."

"ఆవిడ ఇక్కడ లేదు కదరా."

"ఉన్నట్టే అనుకో," అని రోలండ్ ఇంకో చుట్టు తిప్పాడు.

సహాయక బృందం స్ట్రెచర్‌తో కొండెక్కడానికి చాలాసేపు పట్టింది. ఆ పట్టీ లేకపోతే తమకి శవం దొరికేదని సర్జన్ నెమ్మదిగా చెప్పింది. ఆ మాట విని నేను ఆస్పత్రి బాత్‌రూంలోకి వెళ్లి కుళాయి తిప్పి ఏడ్చాను. ఎవరికి మొక్కాలో తెలియలేదు. నేర్పినవాళ్లకా, దేవుడికా, నా పోరు పడలేక పట్టీ తగిలించుకున్న మొగుడికా? అందరికీ కలిపి మొక్కేశాను.

మా మరిది కర్ట్ చూడటానికి వచ్చి, క్యాంపులో గురి తప్పినవాడి చొక్కా అంచు కోసి గోడకి కొడతాం కదా, మరి నాన్న సంగతేమిటని అడిగాడు.

"డాక్టర్లు ప్యాంటు మొత్తం కోసేశారు, చాలదా?" అన్నారు మామగారు. దెబ్బ తగిలాక ఆయన నవ్వడం అదే మొదలు.

క్రిస్మస్‌కి ముందు ఆదివారం అందరం అత్తగారింట్లో భోజనానికి కూర్చున్నాం. కాలు ఎదుటి కుర్చీ మీద చాపుకుని మామగారే ప్రార్థన చేశారు. ఎప్పుడూ రెండు ముక్కల్లో ముగించే మనిషి ఆ రోజు ఆగి ఆగి, కొడుకు చేతులకి కృతజ్ఞత చెప్పారు. తరవాత నా పేరు కూడా చెప్పారు. ఆమెన్ అన్నాక మా అందరి వైపూ తిరిగారు.

"వచ్చే ఏడాది నుంచి క్యాంపులో తూటాలన్నీ నా దగ్గరుంటాయి," అన్నారు, గొంతు పెంచకుండా. "ఒంటి చేత్తో తన కాలికి పట్టీ కట్టుకుని లోయిస్‌కి చూపించినవాడికే ఇస్తాను. ముందు నేను కట్టుకుంటాను."

కర్ట్ తల గోక్కున్నాడు. "తాతల నాటి నుంచి ఆ క్యాంపులో ఆడవాళ్లు అడుగు పెట్టలేదు కదా, నాన్నా."

"ఈవిడ వస్తుంది," అంటూ ఆయన బంగాళాదుంపల గిన్నె ముందుగా నా వైపు జరిపారు.