కొత్త దొడ్డిలో టెంకలు

వరద నీళ్లు రాకముందే పశువుల దొడ్డిని మెరక మీదికి మారుస్తానని మొగుడు బెలర్మీనో చెప్పిన రోజు నుంచి జురేమా వంటలో ఉప్పు కుదరడం లేదు.

"పాత దొడ్డికేమొచ్చిందట?" అంది పళ్లెంలో అన్నం, ఎండుమాంసం వడ్డిస్తూ.

"నీళ్లొస్తాయి. ఏటా మునిగే ఈ పంతనాల్‌లో పుట్టిపెరిగి కొత్తగా అడుగుతావేంటే?"

"అంత దూరం నుంచి పాలు మోసుకురావాలంటే నడుం విరగదూ?"

"మోసేది నేనేగా! విరిగితే నాదేగా విరిగేది."

జురేమా బెంగ పాల గురించి కాదు. ఆవులు పగలంతా అకురీ తాటికాయలు తిని, దొడ్డిలో నెమరు వేస్తూ టెంకల్ని ఉమ్మేస్తాయి. గుజ్జు పోయి నున్నబడ్డ ఆ టెంకల కోసం తెల్లారేసరికి అరారా చిలుకల జంట దిగుతుంది. మనిషి చెయ్యంత పొడవు, ఒళ్లంతా ముదురు నీలం, కంటి చుట్టూ పసుపు. సుత్తి దెబ్బకు కూడా లొంగని టెంకను, జారకుండా చెక్కపేడొకటి ముక్కులో అడ్డం పెట్టుకుని, కత్తితో కోసినట్టు చీలుస్తాయా చిలుకలు. ఆ చెక్కపేడు కోసం ఆమె దండెం మీది చెక్క క్లిప్పులు పదకొండు ఎత్తుకుపోయాయి. ఒక్కో క్లిప్పు పోయినప్పుడల్లా బెలర్మీనో పడీపడీ నవ్వాడు.

నాలుగేళ్లుగా ఆ జంటకు పిల్ల దక్కలేదు. ఈ ఏడు దక్కింది. మొన్న ఆదివారమే మందువీ చెట్టు తొర్ర వదిలి ఎగిరింది. కొత్త చోట మొదటి రాత్రి ఆవులు బెదురుతాయి, సరిగా నెమరు వేయవు. పొద్దున టెంకలు దొరక్కపోతే అరారాలు పిల్లతో సహా ఏటి అవతలి వాళ్ల దొడ్డికి మరుగుతాయి. ఇక ఇటు రావు.

పశువులను తోలే ముందురోజు మధ్యాహ్నం, బెలర్మీనో ఆవుల్ని మేతకు తోలుకెళ్లాడనుకుని, ఆమె పాత దొడ్డిలో బేసిన్ నిండా టెంకలు ఏరుకుని మెరక ఎక్కింది.

కొత్త కంచె మూలన అప్పటికే టెంకల కుప్ప ఉంది. ఆ దొడ్డిలో ఆవు అన్నది ఇంకా కాలే పెట్టలేదు.

సాయంత్రం బెలర్మీనో టోపీ మేకుకు తగిలించాడు. ఆమె దాన్ని తీసి తిరగేసి చూసింది.

"టోపీకి ఈ పేడ ఏంటయ్యా?"

"ఆవులు కాసేవాడి టోపీకి పేడ కాక పన్నీరుంటుందా?"

"బయటుంటే అలాగే అనుకునేదాన్ని. లోపలెలా అంటింది? తలలో ఉన్నదే కారిందా?"

"నీ బేసిన్ మధ్యాహ్నం ఎక్కడెక్కడ తిరిగిందో నేనడిగానా?"

ఆ పూట ఉప్పు సరిపోయింది.

పశువులను మార్చిన మర్నాడు ఇద్దరూ కొత్త కంచెకు ఆనుకుని నిలబడ్డారు. పొద్దెక్కింది. అరారాలు పాత దొడ్డి మీద వాలి, ఖాళీ నేలను చూసి గొంతు చించుకుని తిట్టాయి. లేచి ఏటి వైపు తిరిగాయి. జురేమా కంచెకర్ర గట్టిగా పట్టుకుంది.

"అయిపోయింది," అంది.

"ఉండవే. ఆడది తొందరపడుతుంది, మగది దిక్కులు చూస్తుంది."

నిజంగానే మగది వెనక్కి చుట్టు తిరిగింది. ఒక్క కేక. కుప్ప పక్కనే మూడూ దిగాయి. పిల్ల టెంకను రెండుసార్లు దొర్లించి, చేతకాక తల్లి ముందు నోరు తెరిచింది.

"అంత ముక్కుండి ఏం లాభం? అమ్మ నోట్లో పెట్టాల్సిందే!" నవ్వాడు బెలర్మీనో.

"నయం. యాభై రెండేళ్లొచ్చినా చక్కెర డబ్బా ఎక్కడుందో తెలియనివాళ్లున్నారు."

ఇంతలో ఫట్టుమని చప్పుడైంది. మగ అరారా కొత్త కంచెకర్రలోంచి ఇంత చెక్కపేడు చీల్చి, టెంకకు అడ్డం పెట్టుకుంది.

"నా కంచె! మూడు వారాలు పట్టిందే నాకు!"

"మరి తోలెయ్ వాటిని."

బెలర్మీనో టోపీ తీశాడు, కాసేపు చేత్తో పట్టుకున్నాడు, మళ్లీ తలమీద పెట్టుకున్నాడు.