మంత్రిగారి ముక్కు

మంత్రిగారి కుటుంబ సమాధి మీదున్న ఆయన రాతిబొమ్మకు ముక్కు విరిగింది. మర్నాడు ఆయన వర్ధంతికి జనం పూలతో వచ్చేలోగా మేస్త్రీ సున్నంతో కొత్తది పెట్టాడు, కత్తిలా తిన్నగా. మంత్రిగారి ముసలి చెల్లెలు చూసి పెదవి విరిచింది.

"ఎవరయ్యా వీడు? మా అన్న కాదు."

మేస్త్రీ తాపీ పక్కన పెట్టాడు. "పెద్దమనిషి కదమ్మా, ముక్కు తీరుగా ఉండాలనీ..."

"మా వంశంలో తీరైన ముక్కు ఎవడికేడ్చింది? మా నాన్నదీ, అన్నదీ, ఇదిగో నాదీ, ఒకే అచ్చు!"

మేస్త్రీ ఆవిడ ముక్కు కేసి చూశాడు. కొనకొచ్చేసరికి ఎడమకు ఒరిగింది. సున్నం ఇంకా పచ్చిగానే ఉంది.

"అయితే కాసేపు కదలకండమ్మా."

"ఓరి నీ! ఇన్నాళ్లకు నా ముక్కుకు గిరాకీ వచ్చిందే!"

నవ్వాగక ఆవిడ కదులుతూనే ఉంది. ముక్కు కుదిరాక బొమ్మ చెంప నిమిరింది.

"ఇప్పుడొచ్చావా అన్నయ్యా!"