అతుకుల సారు

పుల్లారావు ఇడ్లీ పొట్లం విప్పుకునే వేళకే సుందరరామయ్య కుర్చీ లాక్కుని ఆయన బల్ల పక్కన చేరాడు. లెక్చరర్లని పట్టుకోవాలంటే తినేటప్పుడే పట్టుకోవాలి, చేయి ఎంగిలిగా ఉంటుంది కాబట్టి చటుక్కున లేచిపోలేరు. మార్కాపురంలోని ఆ ప్రైవేటు డిగ్రీ కాలేజీలో సుందరరామయ్య హోదా అకడమిక్ కోఆర్డినేటరు. పేరు ఇంత పొడుగే గానీ పని ఒకటే. లోకంలోకి కొత్తగా ఏ శాస్త్రం వచ్చినా దాన్ని పాత పాఠాల్లో ఎక్కడో ఒకచోట కలుపుకోమని తోటి లెక్చరర్లని బతిమాలడం, ఎలా కలపాలో పక్కన కూర్చుని చూపించడం. పిల్లలు ఆయనకి అతుకుల సారు అని పేరు పెట్టారు. పిల్లలు పెట్టిన పేరు ఎప్పుడైనా తప్పయిందా?

పుల్లారావు కామర్స్ చెబుతాడు. బజార్లో వాళ్లకి బట్టల దుకాణం కూడా ఉంది. పద్దుల పాఠంలో ఒక్క గంట ఈ డేటా సైన్సుకి ఇమ్మని సుందరరామయ్య అడుగుతున్నాడు. పండగ నెలలో దుకాణాల అమ్మకాలు ఎలా పెరుగుతాయో పిల్లల చేత కంప్యూటర్లో గీయిస్తే చాలట. మా అమ్మకాల సంగతి ఊరందరికీ ఎందుకు సారూ అని పుల్లారావు చట్నీ నంజుకుంటూ నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి గొంతు తగ్గించాడు.

"కందకు లేని దురద కత్తిపీటకెందుకు సారూ? హాల్లో ఆ నీళ్ల పటం చించేసి ఇంటికి పో. ట్యాంకర్ల నరసింహులు మాట మీద నిలబడే మనిషి. వస్తానన్నాడంటే వస్తాడు."

సుందరరామయ్య కుర్చీ వెనక్కి జరిపాడు. కోడిమెడలా సన్నగా ఉన్న మెడని ముందుకు వంచి, కళ్లజోడు తుడుచుకుని, లేచి హాలు వైపు నడిచాడు. మనిషి పొడుగు. నడుస్తుంటే మోకాళ్లు రెండూ టకటకమంటాయి. ఆయన ఈ కాలేజీలో లెక్కల ట్యూటరుగా చేరాడు. కొన్నాళ్లకే చేరే పిల్లలు లేక లెక్కల గ్రూపు ఎత్తేశారు. ఉద్యోగం నిలబడాలంటే ఏదో ఒకటి కొత్తది రావాలి కదా, కంప్యూటర్లు వస్తే అవి నేర్చుకున్నాడు, పర్యావరణం వస్తే అది, ఇప్పుడు ఈ డేటా సైన్సు. ప్రతిదాంట్లో ఆయనకి వచ్చింది మొదటి పాఠం ఒక్కటే. ఎదుటివాళ్లకి అది కూడా రాదు కాబట్టి నెట్టుకొచ్చాడు. ఏదో ఒకరోజు ఎవరో లేచి రెండో పాఠం అడుగుతారన్న భయం మాత్రం ఇన్నేళ్లూ కడుపులో అలాగే ఉండిపోయింది.

ఇన్నేళ్లలో తనంతట తాను ఆయన్ని వెతుక్కుంటూ వచ్చిన లెక్చరరు ఒక్కరే, కెమిస్ట్రీ చెప్పే పార్వతి. ఏటా ప్రాక్టికల్సులో ఈ కుళాయి నీళ్లే పరీక్ష చేసి పారబోస్తున్నాం సార్, దీనికి మీ కొత్త శాస్త్రం తగిలించి ఏమైనా చెయ్యొచ్చా అని అడిగింది. ఆ సాయంత్రం కంభం పోయే రైల్లో ఎదురు సీటువాడికి, ఇంటికెళ్లాక భార్య రామతులసమ్మకి, పొరుగింటివాళ్లకి కూడా ఆయన ఆ సంగతి చెప్పుకున్నాడు. అంత సంబరపడ్డాడు.

పిల్లలు వాళ్ల వాళ్ల ఊళ్ల బోర్ల నీళ్లు సీసాల్లో పట్టుకొచ్చారు. పార్వతి వాళ్ల చేత ఫ్లోరైడ్ ఎంతుందో పరీక్ష చేయించింది. సుందరరామయ్య ఆ అంకెల్ని కంప్యూటర్లో వేయించి పటం గీయించాడు. తాగదగిన నీళ్లకి ఆకుపచ్చ చుక్క, కానివాటికి ఎర్ర చుక్క. పటాన్ని పెద్ద పెద్ద చార్టుల మీద దింపి హాలు గోడకి అంటించారు. అంతవరకూ బాగానే ఉంది. కానీ ఈ పడమటి పల్లెల్లో బోరుకి నంబరుంటుందని ఎవరికి తెలుసు? వేయించినవాడి పేరే బోరు పేరు. పోలయ్య బోరు, యల్లయ్య బోరు, ఎప్పుడో పోయిన మాలకొండయ్య బోరు. పిల్లలు సీసాల మీద ఆ పేర్లే రాసుకొచ్చారు, పటం మీదికీ అవే ఎక్కాయి. పుట్టినప్పటినుంచీ అలా పిలిచేవాళ్లే గనక సుందరరామయ్యకి గానీ పార్వతికి గానీ అందులో తప్పు కనిపించలేదు. గోడకెక్కాక చూస్తే, అది నీళ్ల పటంలా లేదు. మనుషుల మీద నేరం మోపినట్టుంది.

అందులో అన్నిటికన్నా చిక్కటి ఎరుపు నరసింహులు బోరుది. తర్లుపాడు చుట్టుపక్కల ఊళ్లకి ట్యాంకర్లతో తాగునీళ్లు తోలేది అతనే. ఎవరో పిల్లలు పటాన్ని ఫోటో తీసి ఫోన్లలో తిప్పారు. నిన్న రెండు ఊళ్లవాళ్లు అతని ట్యాంకర్లని వెనక్కి పంపారు. ఈ పొద్దున అతను పార్వతికి ఫోన్ చేసి, మధ్యాహ్నం వస్తున్నా, గోడ మీద నా పేరుంటే నీ చేతులు విరుస్తానన్నాడు. ప్రిన్సిపాలు లక్ష్మీనరసయ్య పటం చించేయమన్నాడు. ఏడాది కష్టం సార్ అని సుందరరామయ్య చేతులు పట్టుకుని బతిమాలితే, మధ్యాహ్నంలోగా పేర్లన్నా మాపించమని గడువిచ్చాడు.

హాల్లో పార్వతి చీటీల మీద నంబర్లు రాస్తోంది. సుందరరామయ్య మైదా జిగురు పూసి ఒక్కొక్క పేరు మీదా ఒక్కొక్క నంబరు అతికించసాగాడు. పిల్లలు చేస్తామన్నా ఒప్పుకోలేదు. ముందు నరసింహులు పేరు కప్పేయండి సార్ అని పార్వతి రెండుసార్లు అడిగింది. ఆయన వినలేదు.

"అతనిదొక్కటే ముందు కప్పితే భయపడినట్టు అవుతుందమ్మా. వరుసలో అతనిదీ వస్తుంది."

అదీ ఆయన పెద్దరికం. పై వరుస నుంచి మొదలుపెట్టి ఒకటీ ఒకటీ కప్పుకుంటూ దిగాడు. నరసింహులు బోరు పటంలో అన్నిటికీ అడుగున, నేలకి జానెడు ఎత్తులో ఉంది. మిగతావన్నీ అయ్యాక సుందరరామయ్య మూలుగుతూ మోకాళ్ల మీద కూర్చుని ఆఖరి చీటీకి జిగురు పూస్తుండగా తలుపు దభాలున తెరుచుకుంది. మధ్యాహ్నం ఇంకా కాలేదు.

నరసింహులు తెల్లచొక్కా వేసుకున్నాడు. లావుపాటి మనిషి, చేతిలో ఇనపగొట్టం, వెనక ఇద్దరు ట్యాంకరు డ్రైవర్లు. అడ్డం వచ్చిన అటెండరు అబ్రహాముని ఒకడు పొట్టలో తన్నాడు. అతను గుమ్మంలోనే ముడుచుకుపోయాడు. నరసింహులు పటం ముందుకొచ్చి నిలబడ్డాడు. పైనుంచి కిందికి అన్నీ నంబర్లు. అడుగున ఒకే ఒక్క పేరు.

"అందరి పేర్లూ కప్పినావు. నాదొక్కటే పెట్టినావు" అన్నాడు. "ఏంది సారూ, నన్నొక్కణ్ణే ఊళ్లో నిలబెట్టాలనా?"

"వరుసలో వస్తోంది నాయనా. నీదే ఆఖరు."

అక్షరాలా నిజమే. కానీ ఆ సమయంలో ఆ మాట ఎవడు విన్నా ఒళ్లు మండుతుంది. నరసింహులు తలాడించగానే డ్రైవర్లు బల్ల మీది సీసాలన్నీ ఒక్క ఊపున నేలకి ఊడ్చారు. గాజు పెంకులు గోడలదాకా ఎగిరాయి. ఆపబోయిన పార్వతిని ఒకడు జడ పట్టుకుని విసిరేస్తే, పెంకుల మీద పడి ఆమె మోచేయి పొడుగునా తెగింది. రక్తం నీళ్లలో కలిసి హాలంతా పాకింది. పిల్లలు గోడకి అతుక్కుపోయారు. నరసింహులు గొట్టం పట్టుకుని ఆమె వైపు నడిచాడు.

"పేర్లు రాయించింది నేను" అంటూ సుందరరామయ్య అడ్డం నిలబడ్డాడు. "ఆ పిల్లకేం తెలియదు."

అది అబద్ధం. జీవితంలో ఆయన ఇంత గట్టిగా ఆడిన అబద్ధం ఇంకోటి లేదు. మొదటి దెబ్బ పక్కటెముకల మీద పడింది, రెండోది తొడ మీద, మూడోది మళ్లీ పక్కటెముకల మీద. లోపల ఏదో పుటుక్కుమంది. ఊపిరి అందక వంగిపోయిన మనిషి, ఆ వంగిన చోటినుంచే నరసింహులు చేతిని చూశాడు. కోపంతో కొట్టేవాడు చెయ్యెత్తి నెత్తిమీద కొడతాడు. ఇతని చెయ్యి భుజం దాటి లేవడం లేదు. గొట్టాన్ని నడుము దగ్గరినుంచి పక్కకి విసురుతున్నాడు. పక్కకి చూడాలంటే మెడ తిప్పడం లేదు, మొత్తం మనిషే తిరుగుతున్నాడు. పళ్ల మీద గోధుమరంగు చారలు.

ఆయనలో ఉన్న మేష్టారు దెబ్బల్లో కూడా ఊరుకోలేదు.

"నరసింహులూ, నీకు చెయ్యి పైకి లేవడం లేదు కదా?" అన్నాడు, డాక్టరు రోగిని అడిగినంత మెల్లగా. "నువ్వు కూడా ఆ నీళ్లే తాగుతున్నావా?"

నరసింహులు గొట్టం దించాడు. అతని ముఖంలో కోపం పోయి, పసిపిల్లాడిలాంటి బెదురు వచ్చింది. ఇంకొక్క క్షణం ఆగితే ఏమయ్యేదో. కానీ గోడ దగ్గర ఎవరో, భయానికే అయ్యుండాలి, కిసుక్కున నవ్వారు. ఆ నవ్వే ఆయన కొంప ముంచింది. నరసింహులు గొట్టం పారేసి, రెండు చేతులతో రొమ్ము మీద ఒక్క తోపు తోశాడు. సుందరరామయ్య వెల్లకిలా పడ్డాడు. తల వెనకభాగం స్టేజీ సిమెంటు అంచుకి కొట్టుకున్న చప్పుడు వరండాలోకి వినిపించింది. నరసింహులు కాసేపు నిలబడి చూసి, మనిషంతా అటు తిరిగి, బయటికి పోయాడు.

కాసేపటికి ఆయన తనే లేచి కూర్చోవడంతో అందరూ గండం గడిచిందనుకున్నారు. ప్రిన్సిపాలు పోలీసులొద్దు, కాలేజీ పరువు పోతుందన్నాడు. పుల్లారావు మాత్రం కళ్లనీళ్లు పెట్టుకుని, ఆస్పత్రికి పోదాం పద సారూ అని చెయ్యి పట్టుకు లాగాడు. తల దిమ్ముగా ఉంది, ఇంటికి పోయి పడుకుంటే తగ్గుతుందని సుందరరామయ్య మొండికేశాడు. కట్టు కట్టించుకుని వచ్చిన పార్వతి పక్కన కూర్చుంది. ఆమె ఏడవలేదు. గోడవైపే చూస్తూ అడిగింది.

"పేరు కప్పుతాం సార్, సరే. ఎర్ర చుక్క పెట్టినాక ఆ ఊళ్లవాళ్లు ఏం చెయ్యాల? ఆ తర్వాత పాఠం ఏంది?"

ఇన్నేళ్లూ భయపడిన ప్రశ్న రానే వచ్చింది. ఆయనకి సిగ్గు వేసింది. పక్కటెముకల నొప్పికన్నా అదే ఎక్కువ బాధించింది.

"నాకు రాదమ్మా" అన్నాడు. "నేర్చుకుందాం."

సాయంత్రం రైల్లో కిటికీ పక్కన సీటు దొరికింది. ఎండ కళ్లలో పొడుస్తోంది. ఒకసారి కిటికీలోంచి వాంతి చేసుకున్నాడు. ఎదురుగా తర్లుపాడు దగ్గరి పల్లెకి పోయే రాఘవమ్మ అనే ఆవిడ ఒళ్లో మనవరాలిని పెట్టుకుని కూర్చుంది. ఆయన అవస్థ చూసి, సంచిలోంచి నీళ్ల బాటిలు తీసి ఇచ్చింది. ఆయన పుక్కిలించి, రెండు గుక్కలు తాగి, అలవాటుకొద్దీ ఏ నీళ్లమ్మా అని అడిగాడు.

"నరసింహులు ట్యాంకరు నీళ్లు సారూ."

ఆయన బాటిలు మూత బిగించాడు. ఆ నీళ్లు తాగకూడదనీ, పసిదానికి అసలే పట్టకూడదనీ, ఎముకలు బిగుసుకుపోతాయనీ మాట మాటకీ ఆగుతూ చెప్పాడు. ఆవిడ అంతా ఓపిగ్గా విన్నది.

"తెలుసు సారూ, ఫోన్లో చూసినాం. నిన్న ట్యాంకరు తిప్పి పంపినాం. పొద్దున మల్లా మేమే పిలిపించుకున్నాం. వేరే నీళ్లు యాడున్నాయి?"

ఆయన బాటిలుని చేతిలో అటూ ఇటూ తిప్పాడు. తర్లుపాడులో ఆవిడ మనవరాలిని చంకనేసుకుని లేచింది. బాటిలు ఇవ్వబోతే వద్దంది.

"ఉంచుకో నాయనా. నీకు దూరం ఉంది."

రైలు కదిలింది. కంభంలో ఆయన దిగలేదు. రోజూ ఆయనతో దిగేవాళ్లు నిద్రపోతున్నాడనుకుని, పాపం దెబ్బలు తిన్న మనిషి, లేపుదామా వద్దా అని తటపటాయించేలోగా రైలు కూత వేసింది. గిద్దలూరులో ఎవరో భుజం తట్టి చూస్తే తల పక్కకి ఒరిగింది. అప్పటికే ఒళ్లు చల్లబడిపోయింది. నలుగురు కలిసి ఆయన్ని ప్లాట్‌ఫారం మీదికి దించారు. ఇంట్లో రామతులసమ్మ ఇంకా ఎదురుచూస్తూనే ఉంది. కిటికీ పక్క సీటు మీద రాఘవమ్మ బాటిలు నిలబడే ఉంది, మూత బిగించి, సగానికి పైగా నీళ్లతో.