బయటి వరుసలో చుక్క

అద్దకానికి ముందు రంగంటకుండా నూలుకు చిటికి కట్టడంలో కృష్ణమ్మ చెయ్యి నలభై ఏళ్లుగా తప్పలేదు. అందుకే మనవరాలు స్వరూప, భువనగిరిలో సైన్సు ప్రదర్శనకు సోడియం పరమాణువును బట్ట మీద చూపిస్తానని అవ్వనే పట్టుకుంది.

"నడిమిట్ల ఒక గుండ్రం. దాని చుట్టు రెండు చుక్కలు, ఆ బయట ఎనిమిది, అన్నిటికన్న బయట ఒక్కటే. ఆ ఒక్క ఎలక్ట్రాను ఇడిసిపెట్టి పోతది."

"ఒక్కటేనా? తోడు లేకుంటనా?"

"గట్లనే ఉంటదవ్వా. దానికి గూడ ఫికర్ చేస్తవా?"

కృష్ణమ్మ ఫికర్ చేయని రోజు లేదు. కరోనా ఏడు భర్త గురవయ్యను అంబులెన్సు ఎక్కించినప్పుడు, తననూ రానియ్యమని తలుపు పట్టుకొని బతిమాలింది. రానియ్యలేదు. ఆయన ఒక్కడే పోయాడు, మళ్లీ రాలేదు. అప్పటి నుంచి ఆమె బస్సెక్కలేదు, పోచంపల్లి దాటలేదు.

నూలు మడతపెట్టి రబ్బరు పట్టీలతో చుక్కలు కట్టింది. కట్టిన చోట రంగెక్కదు, తెల్లగా మిగులుతుంది. నీలంలో ముంచి ఆరబెట్టి ఇస్తే కొడుకు ఐలేశం మగ్గం మీద నేశాడు. ప్రదర్శనకు ఒక్క రోజుందనగా స్వరూప బట్ట పరిచి చూసింది.

"అవ్వా! బయట రెండు పడ్డయి!"

మడత చేసిన పని. ఒక సగంలో కట్టిన చుక్క రెండో సగంలోనూ పడుతుంది. రెండు చుక్కలకూ ఎనిమిది చుక్కలకూ అది సరిపోయింది. ఆ ఒంటి చుక్కకు మాత్రం మడత విప్పి విడిగా కట్టాలి. చెయ్యి అలవాటు కొద్దీ పోయింది.

"ముంచినవ్ గదనే ముసల్దానా!" స్వరూప కళ్లల్లో నీళ్లు. "ఒకదాని మీద నీలం అద్దు."

కృష్ణమ్మ కుంచె ముంచి బట్ట ముందు కూర్చుంది. ఏ చుక్కను చెరపాలి?

"చెరపకుంటే ఏమైతదే?"

స్వరూప వేళ్ల గణుపుల మీద లెక్కపెట్టింది. "మెగ్నీషియం అయితది... అది గూడ ఉంటది. గని నేను సోడియం పాఠమంత కంఠతా పట్టిన!"

"మరి గివి గూడ పోతయా?"

"పోతయి. రెండు కలిసే పోతయి, ఆక్సిజన్ కాడికి."

కృష్ణమ్మ కుంచె కింద పెట్టింది. "జర మల్ల సదువుకో బిడ్డా. చాయ్ పెడత."

తెల్లారి స్వరూప వెనకాలే కృష్ణమ్మ కూడా బస్సెక్కింది. చుట్టిన బట్టను ఒళ్లో పెట్టుకొని, కండక్టరుకు రెండు ఆధార్ కార్డులు చాపింది.

"భువనగిరికి. ఇద్దరం."