బతూల్ గీసిన సగం

మా అత్తగారు ఎహ్తెరామ్ మొండిఘటం. అడిలైడ్ వచ్చి ఇరవై రెండేళ్లయినా, పుట్టిన ఊరు కెర్మాన్ నుంచి తెచ్చుకున్న ఎర్ర ఉన్నిగుడ్డను పూర్తి చేయలేదు. సగం మేర రంగురంగుల ఉన్నికుట్టు. మిగతా సగం మీద ఉత్త తెల్లటి గీతలు. సుద్దలో జిగురు కలిపి ఆమె అక్క బతూల్ గీసినవి. కెర్మాన్‌లో వాళ్ల వీధి మొత్తానికీ కుట్టుకు గీతలు గీసిచ్చింది ఆవిడే. అక్కడే కన్నుమూసింది.

శుక్రవారాలు మా ఇంట్లో కుట్టుకు చేరే ఆడవాళ్లు, ఖర్జూరం కూరిన కొలుంపె బిస్కెట్లు నములుతూ అత్తగారిని ఏడిపించేవారు.

"ఏం పిన్నీ, ఈ గుడ్డ ప్రళయం నాటికైనా అవుతుందా?"

"నీ వాగుడు ఆగిన రోజున అవుతుందిలే!"

దిండు గలీబులు, బల్లగుడ్డలు మాత్రం అత్తగారు చకచకా కుట్టిపారేసేది. నాకు ఒళ్లు మండి, ఇదొక్కటే ఎందుకు కుట్టరని ఒకసారి అడిగేశాను.

"కుడితే గీత కనబడదు కదే. మా అక్కవి నాకింకేం మిగిలాయి?" అంది.

నా కూతురు రోషనక్ పెళ్లి మూడు వారాల్లో ఉంది. పెళ్లిలో తన ముందు ఆ గుడ్డే పరచాలని పిల్ల పట్టు. కుట్టిన గుడ్డను చన్నీళ్లలో జాడించడం మా అలవాటు, చిన్నప్పటినుంచీ చూసింది. నానమ్మకు సాయం చేద్దామని దీన్నీ బకెట్లో ముంచింది. కుట్టు పూర్తికాని గుడ్డకు నీళ్లు తగలకూడదని దానికెవరు చెప్పారు? నేనే చెప్పలేదు. ఆరేశాక చూస్తే ఆ సగంలో ఎరుపు తప్ప ఏమీ లేదు.

"నానమ్మా, నన్ను కొట్టు" అంటూ పిల్ల వెక్కి వెక్కి ఏడ్చింది. అత్తగారు రెండు రోజులు టీ తప్ప ఏమీ ముట్టలేదు. తిట్టినా బాగుండేది.

మూడో రోజు పొద్దున్నే వంటింటి బల్ల తుడిచి గుడ్డ పరిచింది. "పిల్లా, సుద్ద కలుపు" అంది నాతో.

"మీ చెయ్యి వణుకుతోంది అత్తమ్మా, రేపు చూద్దాం."

"వణికేది చెయ్యి, నేను కాదు. కలుపు!"

అబ్బ, ఏం గీసిందని! తల వంచిన సైప్రస్ చెట్టు, దాని కడుపులో చిన్న చెట్టు, చుట్టూ పూలతీగ. ఇన్నేళ్లూ వేలితో తడుముకున్న గీతలు కదా, ఒక్కటీ చెరపకుండా మధ్యాహ్నానికి ముగించింది. ఆమెకు చేతులెత్తి మొక్కాలనిపించింది నాకు.

"అచ్చం పెద్దనానమ్మ గీసినట్టే ఉంది కదా?" రోషనక్ భయంభయంగా అడిగింది.

"ఎక్కడే! బతూల్ చూస్తే, నీ చెట్టు తాగి తూలుతోందే అని పడీపడీ నవ్వేది. ఇది నాది."

సూదిలో ఆకుపచ్చ ఉన్ని ఎక్కించి మనవరాలికి అందించింది. పిల్ల చెయ్యి వెనక్కి లాక్కుంది.

"వద్దు నానమ్మా, దీన్ని ఇలాగే దాచుకుంటాను."

"నేనూ దాచుకున్నాను. ఏమైంది? బకెట్ నీళ్లలో పోయింది. కుట్టు. నేను పక్కన కూర్చుని తిట్టగలిగినప్పుడే కుట్టు."

రోషనక్ కుట్టింది. మొదటి కుట్టే వంకర. అత్తగారు నెత్తిన ఒక్కటి మొట్టి, విప్పించి మళ్లీ కుట్టించింది. నేను పొయ్యి వైపు తిరిగి ఏడ్చేశాను. సిగ్గెందుకు, సంతోషంతోనే.