గుమ్మడికాయకు మొదటి గాటు

మా ఇళ్లలో గుమ్మడికాయను ఆడవాళ్లు ముందుగా కొయ్యరు. మగవాడు కత్తితో ఒక గాటు పెట్టాలి. ఆ తర్వాత ముక్కలు ఎవరు చేసుకున్నా తప్పు లేదు. ఇంట్లో మగవాళ్లు లేకపోతే కాయ చంకన పెట్టుకుని పక్కింటికి పోతాం. గుమ్మడికాయ ఇంటి పెద్దకొడుకుతో సమానమని మా అత్తమ్మ రుక్కమ్మ అంటుంది. కడుపుతో ఉన్నవాళ్లయితే కోసే చోట నిలబడను కూడా నిలబడరు.

ఇవన్నీ తెలిసీ నేను ఒకసారి కోశాను.

ఆరేళ్ల కిందటి మాట. నాకు మొదటి కాన్పు, ఏడో నెల. మామ కాశయ్య చెలకకు, నా భర్త దివాకర్ పనికి, అత్తమ్మ కూలికి పోయారు. వంటింటి మూలన గుమ్మడికాయ ఉంది. బెల్లం వేసి వండిన కూర మీద నాకు రెండు రోజుల నుంచీ మనసు. సాయంత్రం దాకా ఆగుదామనుకున్నాను, ఆగలేకపోయాను. కత్తిపీట ముందేసుకుని కోసి వండేశాను. అత్తమ్మ వచ్చి గాటు ఎవరు పెట్టారని అడిగితే, నారయ్య తాత ఇటు పోతుంటే పిలిచానని అబద్ధమాడాను. ఆమె మరో మాట అడగలేదు. ఇద్దరం కూర్చుని తిన్నాం.

మూడో రోజు పొద్దున కడుపులో బిడ్డ కదలలేదు.

మగపిల్లవాడు. ఏడవలేదు. పేగు మెడకు చుట్టుకుందని దవాఖానలో డాక్టరమ్మ చెప్పింది. నేను తలూపాను. ఎందుకు చుట్టుకుందో ఆమెకేం తెలుసు? తెల్లగుడ్డలో చుట్టి మామ చేతుల్లో పెడితే, మేము కౌలుకు చేస్తున్న చెలకలోనే ఎక్కడో ఒక వారగా పెట్టి వచ్చాడు. ఎక్కడ పెట్టిందీ తల్లికి చెప్పకూడదంటారు. ఎవరికీ చెప్పలేదు. ఆ తర్వాత చెలక ఆసామి భూమి అమ్మేశాడు. హద్దురాళ్లు పాతారు, రోడ్లు పడ్డాయి, విల్లాలు లేచాయి. పోయిన ఏడాది మామ కూడా పోయాడు. చోటు తెలిసిన మనిషి ఒక్కడే ఉండె, ఆయనా లేడు.

ఆ విల్లాల్లో వంటపనికి నేను జీతం కోసమే కుదిరానని ఇంట్లో అనుకుంటారు. అనుకోనీ.

నేను వంట చేసేది సింధూర మేడం ఇంట్లో. వాళ్లది గుంటూరు వైపు. ఆమే, ఆమె భర్త జయకృష్ణ సారూ పొద్దున్నే ఆఫీసులకు పోతారు. ఇంట్లో మిగిలేది నేను, నా చంకలో ఉజ్వల. నా బిడ్డకు మూడేళ్లు నిండవస్తున్నాయి. దాన్ని ఇంటి దగ్గర వదిలి రావడం నాకు చేతకాదు. నిద్రపోతుంటే ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకునే అలవాటు ఇప్పటికీ పోలేదు.

సారుకు షుగర్. నూడుల్స్ అంటే ప్రాణం. అందుకని మేడం ఎక్కడి నుంచో విత్తనాలు తెప్పించి పెరట్లో ప్రహరీ వెంట పెట్టింది. కాయ పేరు స్పగెట్టి స్క్వాష్ అట. ఉడికించి ఫోర్కుతో గీకితే లోపలి కండ సేమ్యాలా పోగులు పోగులుగా వస్తుందట. తీగ పిచ్చిగా పాకింది. ఎరువు చారెడు వెయ్యకుండానే ఇంత కాపేమిటో, ఈ మట్టిలో ఏముందో అని మేడం ఒకరోజు సంబరపడింది. నేను ఆ రోజు ఆ ఇంట్లో మంచినీళ్లు కూడా తాగలేకపోయాను.

నిన్న పొద్దున మొదటి కాయ తెంపి వంటగట్టు మీద పెట్టి పోయింది. పసుప్పచ్చగా, కోలగా, సరిగ్గా చంటిపిల్ల తలంత. ఎలా వండాలో ఫోన్లో మాట రికార్డు చేసి పంపింది. నిలువునా రెండుగా కోసి, గింజలు తీసి, నూనె ఉప్పు రాసి, ఎయిర్ ఫ్రైయర్‌లో నూట తొంభై మీద ఇరవై అయిదు నిమిషాలు పెట్టమంది. ఆ యంత్రం నాకు అలవాటే. చికెన్ ముక్కలు, బెండకాయలు అందులోనే చేస్తాను.

కత్తి పట్టుకుని ఆ కాయ ముందు చాలాసేపు నిలబడ్డాను. ఇది గుమ్మడికాయ కాదు, పేరే వేరు అని చెప్పుకున్నాను. పెరట్లోకి చూస్తే ఆకు అదే, పువ్వు అదే. గట్టు మీద చూస్తే తొడిమె అదే. పేరు మారిస్తే కాయ మారుతుందా?

ఉజ్వలను ఎత్తుకుని గేటు దాకా పోయాను. మా ఊరి నారయ్య తాతే ఇప్పుడు అక్కడ వాచ్‌మన్. నిజంగానే ఒక గాటు పెట్టించుకుందామని. తాత కంటి ఆపరేషన్‌కు పోయాడట, ఆయన కుర్చీలో కొత్తగా ఒక ఆడమనిషి కూర్చుని ఉంది. పక్క విల్లాలకు తాళాలు. తిరిగి వచ్చేశాను.

కొయ్యకపోతే ఏ దోషమూ లేదు కదా అనిపించింది. ఉడికాక మెత్తబడుతుంది, అప్పుడు గరిటెతోనే విడిపోతుంది, కత్తితో పనే లేదు. కడిగి, నూనె రాసి, కాయను ఉన్నది ఉన్నట్టే బుట్టలో పెట్టి లోపలికి తోశాను.

ఉజ్వల పెరటి గడప మీద కూర్చుని చెంచాలతో ఆడుకుంటోంది. యంత్రం హోరు మొదలైంది. ఓ పది నిమిషాలకు ఆ హోరులోంచి ఇంకో చప్పుడు సన్నగా వచ్చింది. ఈల అనుకున్నాను. కుక్కర్ వైపు చూశాను, కుక్కర్ పొయ్యి మీద లేదు. ఆ చప్పుడు లేస్తోంది, తగ్గుతోంది, మళ్లీ లేస్తోంది. పసిపిల్లలు గుక్కపట్టే ముందు రాగం తీస్తారే, అట్లా. గడప మీద చెంచాల చప్పుడు ఆగింది.

గంట మోగి యంత్రం ఆగిపోయింది. హోరు ఆగింది కానీ ఆ రాగం ఆగలేదు.

బుట్ట బయటికి లాగి గట్టు మీద పెట్టాను. తోలు అక్కడక్కడా మాడింది. కాయ సన్నగా వణుకుతున్నట్టు ఉంది. రాగం దాని లోపలి నుంచే వస్తోంది. నాకు భయం వేయలేదు. ఎందుకో చెప్పలేను, చెవి దగ్గరగా పెట్టి వినాలనిపించింది. వంగాను. వేడి చెంపకు తగులుతోంది.

"అమ్మా, అన్న ఏడుస్తుండు" అంది ఉజ్వల వెనక నుంచి.

దానికి అన్న ఉన్నాడని నేను ఎన్నడూ చెప్పలేదు. లేచి దాని వైపు రెండడుగులు వేశాను. వెనకాల కాయ పేలింది.

తిరిగి చూస్తే బుట్టలో చిప్ప ముక్కలు మిగిలాయి. పోగులు గోడకు, కిటికీకి, పైకప్పుకు అంటుకుని పొగలు కక్కుతున్నాయి. నా ముఖం ఉండిన చోట, వెనక గోడ పలకల మీద, గుప్పెడు గింజలు అతుక్కుని మెల్లగా జారుతున్నాయి. పరుగెత్తి ఉజ్వలను ఎత్తుకుని తలా, కాళ్లూ, చేతులూ తడిమాను. ఎక్కడా ఏమీ కాలేదు. ఒకే ఒక పోగు ఎగిరి వచ్చి దాని మెడ మీద పడి ఉంది. వేలితో తీశాను. చల్లగా ఉంది.

మధ్యాహ్నం మేడం భోజనానికి వచ్చేసరికి వంటిల్లు కడిగి పెట్టాను. జరిగింది చెప్పాను. తోలు గట్టిగా ఉంది, నాకు తెగలేదు అని మళ్లీ ఒక అబద్ధం. "కొయ్యకుండా పెడితే పేలకేం చేస్తుంది శోభా? ఆవిరి ఎటు పోతుంది?" అంది మేడం. నాకూ పిల్లకూ ఏమీ కాలేదని రెండుసార్లు అడిగి తెలుసుకుంది. తర్వాత తీగ మీదున్న రెండో కాయ తెంపి సంచిలో వేసింది. ఇంటి దగ్గర మా ఆయనతో కోయించి చెక్కలు రేపు తీసుకురమ్మంది. ఆటోలో ఆ సంచిని కాళ్ల దగ్గర పెట్టుకున్నాను. ఉజ్వల కిందికి వంగి సంచిని జో కొడుతూ కూర్చుంది.

ఇంటికి వచ్చేసరికి నాలుగు కావస్తోంది. దివాకర్ కొంగరకలాన్ ఫ్యాక్టరీలో రెండో షిఫ్టు, మేము పడుకున్నాక గానీ రాడు. అత్తమ్మ వాకిట్లో చింతపండు గింజలు తీస్తోంది. సంచిలోంచి కాయ తీసి చూసి, ఇదేం కాయ, గుమ్మడికి ఆనపకాయకు పుట్టినట్టుంది అని నవ్వింది. నేను నవ్వలేదు. ఉజ్వలకు అన్న సంగతి ఎవరు చెప్పారని అడిగాను.

అత్తమ్మ నవ్వు ఆపింది. తనే చెప్పానంది. రోజూ పొద్దున నేను తయారయ్యేలోపు బువ్వ తినిపించేటప్పుడు, ఇది నీకు, ఇది నీ అన్నకు అని ఒక ముద్ద ప్రహరీ మీద పెడుతుందట. కాకి వచ్చి తింటుందట.

"ఏడుస్తడని గూడ చెప్పినవా?"

"ఏడుసుడా?" అంది. చేతిలో గింజ అట్లాగే పట్టుకుంది. "వాడు ఎన్నడేడ్చిండు బిడ్డా?"

అప్పుడిక నా నోరు ఆగలేదు. పొద్దున జరిగింది చెప్పాను. మెడ మీద పోగు సంగతి చెప్పాను. దాని వెనకాలే ఆరేళ్లుగా దాచింది కూడా వచ్చేసింది. ఆ రోజు నారయ్య తాత రాలేదని, కత్తి పెట్టింది నేనేనని, నా నాలుక కోసం కొడుకును పోగొట్టుకున్నానని చెప్పాను. ఇప్పుడు ఇంకో కాయ తగిలింది, ఇక దీన్నీ తీసుకుపోతుందేమోనని చెప్పి ఉజ్వల వైపు చూపించాను.

అత్తమ్మ చేతిలోని గింజను కింద పడేసింది.

"నాకెర్క" అంది. "నారయ్య ఆ దినం మాతోనే నాటుకొచ్చిండు. పొద్దుమూకెదాక మడిలనే ఉన్నడు."

మరి అడగలేదేమని అన్నాను.

"ఏమని అడగాలె? ఆ కాయకు పొద్దుగాల గాటు పెట్టింది నేను. నీకు మనసైందని చూసిన. మగోళ్లకు చెప్తే రేపు మాపు అంటరు. ఎవరో పెట్టిపోయిండ్రనుకొని నువ్వు వండుకుంటవనుకున్న. చూసినవో లేదో అని వచ్చినంక అడిగిన. నువ్వు చూడనే లేదు."

నాకు గుర్తొచ్చింది. తొడిమె పక్కన బంకలాగా ఒక చుక్క గట్టిపడి ఉంది. పురుగు తొలిచిందనుకుని ఆ ముక్క తీసి పారేశాను.

"ఆరేండ్ల సంది నీ మొకం జూడలేక సస్తున్న. నువ్వేమో నా మొకం జూడకపోతివి" అంది అత్తమ్మ.

తప్పు నా ఒక్కదానిదే కాదని తెలిస్తే తేలికపడాలి. నేను పడలేదు. మోసేవాళ్లు ఇద్దరయ్యారు, మూట అంతే ఉంది. ఆమెకూ అట్లాగే ఉన్నట్టుంది. చేతులు కొంగుకు తుడుచుకుని లేచి లోపలికి పోయి కత్తిపీట తెచ్చి వాకిట్లో వేసింది. దివాకర్ వచ్చాక కోయిద్దామన్నాను.

"ఇప్పుడు వాడు గాటు పెట్టినా మన భయం పోతదా? ఇంకెన్నేండ్లు భయపడుదం? పట్టు."

కాయకు ఒక వైపు ఆమె చేతులు, ఒక వైపు నా చేతులు. తోలు నిజంగానే గట్టిది. ఇద్దరం బరువు వేసి నొక్కితే ఒక్కసారిగా టప్పుమని విచ్చుకుంది. లోపల తడి గింజలు, పచ్చటి పీచు, అంతే. ఏ చప్పుడూ రాలేదు. ఉజ్వల పరుగెత్తుకొచ్చి రెండు చెక్కల్లోకీ తొంగి చూసింది. తర్వాత మా ఇద్దరి ముఖాలు చూసి, "అన్న లేడు" అని చెప్పి ఆటకు పోయింది. అత్తమ్మ గింజలు గీకుతూ ఏడ్చింది. ఆమె ఏడవడం నేను మామ పోయినప్పుడు కూడా చూడలేదు.

ఈ పొద్దున చెక్కలు పట్టుకెళ్లి మేడం చెప్పినట్టే చేశాను. ఇరవై అయిదు నిమిషాలూ యంత్రం హోరు తప్ప మరేమీ వినిపించలేదు. ఫోర్కు పెట్టి గీకితే పోగులు సేమ్యాలాగే లేచి వచ్చాయి. సారుకు డబ్బాలో పెట్టి పంపి, మిగిలింది మేడం నాకు ఇచ్చింది. రేపు పనికి రానని చెప్పాను. ఎందుకని ఆమె అడగలేదు, అడిగితే చెప్పడానికి నా దగ్గర అబద్ధం కూడా లేదు.

పెందలాడే ఇంటికి తెచ్చి ఎండుమిర్చి, ఆవాలు పోపు వేశాను. అత్తమ్మ ఉజ్వలకు తినిపిస్తూ, ఇది నీకు, ఇది నీ అన్నకు అంది. ఈసారి నా ముందే అంది. ప్రహరీ మీద పెట్టిన ముద్ద ఎండకు ఆరిపోతోంది. కాకి ఇంకా రాలేదు.

ఆనాడు కోసిన మూడో రోజున పోయాడు వాడు. ఇవాళ రెండో రోజు. ఈ లెక్క నేనూ అనలేదు, అత్తమ్మా అనలేదు. కానీ ఇవాళే కాదు, రేపు కూడా కూలికి పోనని పొద్దున్నే కబురు చేసిందట.

ఉజ్వల తిని, వసారాలో చాప మీద మధ్యాహ్నం నిద్ర పోతోంది. నేను ఒక పక్కన కూర్చుని దాని గుండెల మీద చెయ్యి వేశాను. కాసేపటికి అత్తమ్మ వచ్చి రెండో పక్కన కూర్చుని, నా చెయ్యి మీదనే తన చెయ్యి వేసింది. లేస్తోంది, దిగుతోంది, మళ్లీ లేస్తోంది. ఎండ వాకిలి దాటి గోడ ఎక్కింది. ఇద్దరిలో ఎవరమూ చెయ్యి తియ్యలేదు.